అమ్మవారు విడిచిన చీరలు

ఛత్తీస్‌గఢ్‌లో ఉక్కు ప్లాంటు పక్కన, క్యాంప్ వన్‌లో పైడితల్లి గుడి ముందు కమిటీ వాళ్ళు జంపఖానా పరిచి కూర్చున్నారు. దసరా దగ్గర పడుతోంది. దసరా వెళ్ళిన మంగళవారం అమ్మవారి పండగ. ప్రతి ఏడూ ఈ కూటంలో తేలవలసింది ఒక్కటే, ఈసారి అమ్మకి చీర ఎవరు పెడతారని.

చీరంటే గుడ్డ కాదు. గర్భగుడిలో పసుపు రాసిన రాయి ఉంది గానీ, గుళ్ళోకి వచ్చినవాళ్ళ చూపు ముందు పడేది గుమ్మం పైన గోడమీద ఉన్న అమ్మవారి మీద. ప్లాంటు కడుతున్న రోజుల్లో విజయనగరం నుంచీ శ్రీకాకుళం నుంచీ వచ్చినవాళ్ళు ఈ గుడి కట్టుకున్నప్పుడు, పోలయ్య అనే తాపీమేస్త్రి సున్నపు గచ్చుతో ఆ బొమ్మ చేశాడు. ఒక కాలు మడిచి, ఒక కాలు కిందికి విడిచి కూర్చున్న అమ్మ. చుట్టూ లతలు, లతల్లో చిలకలు. ఏటేటా మొక్కు ఉన్నవాళ్ళెవరో ఒకరు ఆ బొమ్మకి కొత్త రంగు వేయిస్తారు. దాన్నే చీర పెట్టడం అంటారు. మొదట్లో రంగు కలిపిన వెల్ల, తరవాత డిస్టెంపరు, ఆ తరవాత నూనె రంగు. కొడుక్కి ఉద్యోగమైతే ఒక చీర, కూతురికి సుఖంగా కాన్పయితే ఒక చీర. ఇలా చీర మీద చీర పడి అమ్మ ఒళ్ళంతా దిబ్బరొట్టెలా దళసరెక్కింది. ముక్కేదో మూతేదో భక్తికొద్దీ అనుకోవలసిందే. చిలకలు చింతపండు ఉండల్లా ఉన్నాయి.

ఆ ఏడు, ఎనభై మూడులో, కమిటీ ప్రెసిడెంటు రాజగోపాల్ గారు వేరే మాట తెచ్చారు. ఆయన ప్లాంటులో ఇంజనీరు. మంచి మనిషి. ఎవరింట ఏ ఆపదొచ్చినా జీపు పంపించే మనిషి.

"ఈ పాత గచ్చంతా కొట్టించేద్దాం" అన్నారాయన. "తెల్లని టైల్సు తెప్పిస్తున్నాను. మధ్యలో అమ్మవారి బొమ్మ టైలు మీదే అచ్చుపోసి వస్తుంది. తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు. ఏటా రంగుల గొడవ ఉండదు."

బావుంది బావుందన్నారు అందరూ. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి సింహాచలమ్మ లేచి నిలబడింది.

"కొట్టకండి బాబూ" అంది. "రంగు తీసి చూద్దాం. కింద బొమ్మ బాగానే ఉంటాది."

"మీకెలా తెలుసమ్మా?"

"అది మా నాయిన చేసిన బొమ్మ. చిన్నప్పుడు చూసేను. అమ్మకి కళ్ళుండీవి. చేతుల్నిండా ఏవో నగలుండీవి."

పోలయ్యకి ఫోటో లేదు. ఈ గుడి అయిన మరుసటేడే కామెర్లొచ్చి పోయాడు. ఆయన కట్టిన గోడలు ఈ ఊరి క్వార్టర్లలో ఎక్కడెక్కడున్నాయో ఎవరికీ తెలీదు. ఇది మా నాయన చేసింది అని వేలు పెట్టి చూపించుకోవడానికి సింహాచలమ్మకి మిగిలింది ఆ గోడ ఒక్కటే. ఆ మాట నలుగురిలో చెప్పడం ఆమెకి చేతకాలేదు.

రాజగోపాల్ గారు నవ్వి, "అన్ని పూతల కింద ఇంకేం మిగులుతుందమ్మా" అన్నారు.

ఆయన పక్కనే కూర్చున్న కమిటీ సెక్రటరీ తల దించుకున్నాడు. ఆ సెక్రటరీ సింహాచలమ్మ భర్త గురునాథరావే. రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్. నలుగురిలో భార్య నోరెత్తినందుకు చెవులు ఎర్రబడి, "ఏటే, అమ్మకి జనం పెట్టిన చీరలు విప్పుతావేటి? ఇంతమంది ముందర? బుద్ధుందా నీకు?" అని కసిరాడు.

అంతే. ఆడవాళ్ళు లెంపలు వేసుకున్నారు. పక్క క్వార్టరు కుసుమ, "ఓలమ్మో, తప్పు తప్పు" అంటూ సింహాచలమ్మ కొంగు పట్టి కిందికి లాగింది. రేపు పొద్దున్నే మేస్త్రీ బలరాం వచ్చి గచ్చు కొడతాడని రాసుకుని కూటం ముగించారు.

సెక్టర్ టూలో ఇంటికి వచ్చాక సైకిల్ స్టాండు వేస్తూ గురునాథరావు, "రాజగోపాల్ గారి ముందర నా తలకాయ తీసేసేవు" అన్నాడు.

"నేనేటన్నాను? రంగు తియ్యమన్నాను."

"అది రంగు కాదు. చీర."

సింహాచలమ్మ కాళ్ళు కడుక్కుని దేవుడి గూటి ముందు దీపం పెట్టింది. ఎన్నడూ శనివారం ఒక్కపొద్దు తప్పని మనిషి. మొగుడు అన్న మాట ఆమెకి నిజంగానే గుచ్చుకుంది. తను అడిగింది పాపమేనేమో. నాయన మీద మమకారంతో అమ్మవారి మీద చెయ్యి వేస్తోందేమో. "తల్లీ, నేను తప్పంటే నా నోరు కట్టెయ్యి" అని దండం పెట్టుకుంది.

దండం పెడుతూనే ఇంకొకటి తోచింది. ఏ ఇల్లాలైనా కట్టిన చీర విడవకుండా దానిమీద ఇంకోటి, దానిమీద ఇంకోటి కట్టుకుంటుందా? అమ్మ మాత్రం ఆ బరువంతా ఎందుకు మొయ్యాలి? ఊళ్ళో అమ్మవారికి చీర మార్చేటప్పుడు తెర వేస్తారు. తెర వెనక ఆడవాళ్ళే ఉంటారు. లోపల ఏమవుతోందని మగవాడు అడగడు కూడా.

ఆమె దీపం వత్తి కొంచెం పైకి ఎగదోసింది. మొగుడి వైపు తిరిగి, "మీరన్నది నిజమే. అది చీరే" అంది. పెళ్ళాం దారికొచ్చిందనుకుని గురునాథరావు ఇంకో గరిటెడు పులుసు పోయించుకుని తిన్నాడు.

పొద్దున్న బలరాం మేస్త్రీ ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని గుడికి వచ్చేసరికి గర్భగుడి ముందు అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు మీద నేల జీరాడేలా చీరలు వేలాడుతున్నాయి. ఎర్ర అంచు పట్టు చీర ఒకటి, మిగతావి నేత చీరలు. తెర బయట నూకమ్మ చీపురు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ ముసలామె గుడి ఊడ్చి దీపం పెట్టే మనిషి. గుడి కట్టిననాటి నుంచీ ఉన్నది ఆమె ఒక్కతే.

"అందర్ నై జానా" అంది నూకమ్మ, తనకొచ్చిన హిందీలో. "అమ్మకి చీర బదల్ రహే."

"మాతాజీ కపడా బదల్ రహీ హై?" బలరాం రెండడుగులు వెనక్కి వేసి చెవులు పట్టుకున్నాడు. "రాం రాం!" సంచి వేపచెట్టు కింద పెట్టి, గుడికి వీపు తిప్పి కూర్చుని బీడీ ముట్టించాడు.

కాసేపటికి గురునాథరావు వచ్చాడు, వెనకాల రాజగోపాల్ గారు.

"ఇంకా మొదలెట్టలేదేటి?" అన్నాడు గురునాథరావు.

"నై సాబ్. మై నై జావుంగా. ఘర్ మే మా బహన్ హై మేరీ" అన్నాడు బలరాం, ఇటు తిరక్కుండానే. ఇంట్లో తల్లీ చెల్లీ ఉన్నవాణ్ణి, ఆ పని నావల్ల కాదని.

గురునాథరావు తెర దగ్గరికి వెళ్ళి, "ఏయ్, ఏటి సేస్తన్నావు లోపల?" అని అరిచాడు.

"అమ్మకి చీర మారుస్తన్నాం" అంది లోపల్నుంచి పెళ్ళాం గొంతు. "అది చీరని మీరే కదా నిన్న ఊరందరి ముందరా అన్నారు. మీరు లోపలికొస్తానంటే రండి. వొచ్చి అమ్మని ఆ తీరున చూడండి."

తెర వెనక నవ్వులు వినిపించాయి. చాలా గొంతులే ఉన్నాయి. గురునాథరావు చెయ్యి తెర దాకా వెళ్ళి ఆగిపోయింది. "ఎత్తు బాబూ ఎత్తు, కళ్ళు పోతాయో కాళ్ళు పోతాయో చూద్దాం" అంది నూకమ్మ తాపీగా.

రాజగోపాల్ గారు దగ్గారు. "సింహాచలమ్మ గారూ, ఇది పద్ధతి కాదు. కమిటీ తీర్మానం ఉంది."

"మీరు కాసేపు ఊరుకుంటారా?" అని తెర వెనకనుంచి జవాబొచ్చింది గానీ ఆ గొంతు సింహాచలమ్మది కాదు. అది ఆయన భార్య ఛాయది. "ఇంట్లో ఉప్మా మూతపెట్టి వచ్చాను. వెళ్ళి తినండి."

బలరాం బీడీ పొగ గొంతుకి అడ్డంపడి దగ్గాడు. ప్రెసిడెంటూ సెక్రటరీ అరుగు మీద పక్కపక్కనే కూలబడ్డారు.

లోపల భజన బల్లలు ఒకదానిమీద ఒకటి వేసుకుని ఆడవాళ్ళు గోడ మీద పడ్డారు. మొదట సింహాచలమ్మ ఇంటినుంచి తెచ్చిన ఇనప అట్లకాడతో గీకింది. పైపెచ్చుతో పాటు అమ్మ చిటికెన వేలి కొస టప్పున రాలి పడింది. ఆమె బల్ల మీదే కూర్చుండిపోయింది.

"ఇనుము ఒద్దులే వదినా" అంది మీనాక్షి. ఆమె మొగుడు కోక్ ఒవెన్స్‌లో పని చేస్తాడు. "మా ఆయన నడుం పట్టేస్తే కాపడం పెడతాం కదా, అలాగ పెట్టు."

గుడి వెనక రాళ్ళ పొయ్యి మీద నీళ్ళు కాగాయి. గోనెగుడ్డలు ముంచి, పిండి, అమ్మ భుజాలకీ మోకాళ్ళకీ కాపడం పెట్టారు. నూనె రంగు వేడికి మెత్తబడి ఉబ్బింది. కింద పాత వెల్ల తడికి నానింది. వెదురు బద్ద అంచున దూర్చి మెల్లిగా ఎత్తితే పచ్చి మామిడి తొక్కలా పట్టీలు పట్టీలుగా ఊడి వచ్చింది. ఆకుపచ్చ, దాని కింద గులాబి, దాని కింద నీలం.

"ఓలె, ఈ పచ్చ మాది! మా పెద్దోడికి ప్లాంటులో కాల్ లెటర్ వొచ్చినప్పటిది" అని ఒకామె. "ఈ దిక్కుమాలిన వంగపండు రంగు ఎవరిదమ్మా?" అని ఛాయ. "మీ ఆయన ప్రమోషన్‌దేనమ్మగారూ" అని ఇంకొకామె. ఛాయే ముందు నవ్వింది.

నీలం పట్టీ ఊడి వచ్చినప్పుడు మాత్రం మీనాక్షి చేతిలో వెదురు బద్ద కిందపెట్టేసింది. ఆ నీలం ఆమెది. మూడేళ్ళ పిల్లకి మెదడు వాపు వచ్చి, ఆస్పత్రిలో ఆశ వదిలేస్తే, పిల్ల లేచి కూర్చున్నాక పెట్టిన చీర.

"అమ్మ ఆ చీర తీసుకుంది కాబట్టే నా పిల్ల ఉంది" అంది. "ఇప్పుడది ఊడదీస్తే?"

సింహాచలమ్మకి కూడా లోపల అదే భయం. మొక్కు తీసేస్తే మొక్కు ఫలం ఉంటుందా? ఆలోచించి ఆలోచించి, ఆ నీలం పెళ్ళని అరచేతిలోకి తీసుకుంది.

"అమ్మ కట్టి విడిచిన చీర ప్రసాదం అవుతాదా, కాదా?" అని అడిగింది. "మన వైపు గుడిలో ఆ చీర ముక్కకి ఎంత పోటీ పడతారు! అమ్మ నీ చీర కట్టుకుంది. ఇన్నాళ్ళూ ఒంటినుంచుకుంది. ఇప్పుడు నీకే ఇస్తంది. తీసికెళ్ళి పిల్ల తలకింద పెట్టు."

మీనాక్షి ఆ పెళ్ళ కళ్ళకద్దుకుని కొంగున కట్టుకుంది. తరవాత ఎవరి రంగు ఊడితే వాళ్ళే వచ్చి కొంగు పట్టారు.

మధ్యాహ్నమయ్యేసరికి తెల్లటి గచ్చు బయటపడింది. గుడ్డు లోపలి పెంకులా నునుపుగా ఉంది. చిలకలకి ముక్కులొచ్చాయి. అమ్మకి కళ్ళొచ్చాయి, ఎవరో పిలిస్తే అటు చూస్తున్నట్టు కొంచెం పక్కకి. సింహాచలమ్మ నాయన వేలి జాడలు పట్టుకోవాలన్నట్టు ఆ చెంపలు తడిమింది. మెడ దగ్గర చివరి వెల్ల తుడిచింది. తుడిచి ఆగిపోయింది.

అమ్మ మెడలో పుస్తెలతాడు లేదు. కాసులపేరు లేదు. మెడకి బిగుతుగా గుండ్రటి కంటె, దాని కింద రూపాయి బిళ్ళల దండ. కాళ్ళకి మందపాటి కడియాలు. ముంజేతుల మీద సన్నటి చుక్కలు చుక్కలుగా పచ్చబొట్లు, ప్రతి చుక్కా గచ్చు పచ్చిగా ఉండగా పుల్లతో గుచ్చింది.

"ఇవి మన నగలు కాదే" అంది ఛాయ మెల్లగా.

గుడి పక్కన కూరలమ్మే బిసాహిన్ బాయిని నూకమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఇన్నేళ్ళుగా గుడి పక్కనే కూర్చుంటూ ఒక్కసారైనా లోపలికి రాని మనిషి. గోడ వైపు చూసి, నెత్తిన చెంగు కప్పుకుంది.

"ఏహర్ తో సూతా ఆయ్, దీదీ" అంది కంటె చూపిస్తూ. "మోర్ దాయీ ఘలో పహిరత్ రిహిస్." ఆ కంటెని వాళ్ళు సూతా అంటారట, వాళ్ళమ్మ కూడా ఇలాంటిదే వేసుకునేదట. మెడలోవీ కాళ్ళవీ చేతులవీ అన్నీ ఛత్తీస్‌గఢ్ పల్లెల ఆడవాళ్ళ సొమ్ములే.

"అప్పట్లో ఇక్కడి రేజాలే సున్నం మోసీవోరు" అంది నూకమ్మ. రేజాలంటే కూలి పని చేసే ఆడవాళ్ళు. "పోలయ్యకి ఒక రేజా గచ్చు అందించీది. మంచి మనిషి. పేరు నోట్లో ఆడతంది గానీ రాటంలేదు."

అందరి వెనకనుంచి కుసుమ గొంతు వినబడింది. "ఓహో. పోలయ్య ఎవరిని చూసి చేసేడో ఇప్పుడు తెలిసింది."

ఎవరూ నవ్వలేదు. కానీ ఎవరూ ఆమెని కసరనూ లేదు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

నాయన గుర్తుకోసం సింహాచలమ్మ ఇంత చేసింది. ఆ గుర్తే ఇప్పుడు నాయన పేరు వీధిలోకి ఈడుస్తుంది. తన తల్లి ఊళ్ళో పురుళ్ళూ పుణ్యాలూ చూసుకుంటుంటే ఇక్కడ నాయన ఒక్కడే ఉన్న సంవత్సరాలున్నాయి. ఏం జరిగిందో ఎవరికి తెలుసు? తనకీ తెలీదు. తెలుసుకునే దారి కూడా లేదు.

మీనాక్షి ఆమె చెవిలో, "వదినా, బయట మగాళ్ళెవరూ చూళ్ళేదు. మళ్ళీ ఒక్క పూత వేసేద్దాం. చేతులూ మెడా వరకే. మొహం ఉంటాది" అంది.

మంచి మాటే. గుడి గడపకి వేసే పసుపు రంగు డబ్బాలో సిద్ధంగా ఉంది. కుంచె కూడా ఉంది. సింహాచలమ్మ అమ్మ ముంజేతిని చూసింది. ఆ చుక్కలు తొందర మీద గుచ్చినవి కావు. ఒక్కటి కూడా వరస తప్పలేదు. ఎవరిదో చెయ్యి ఎదురుగా చాపి ఉంటే, చూసి, గౌరవంగా గుచ్చినవి. తప్పు చేస్తున్నవాడు ఇంత స్థిమితంగా గుచ్చుతాడా? ఏమో. అయినా దొంగచాటు పనైతే గుడి గుమ్మం మీద పెడతాడా, వచ్చే పోయే జనం తలెత్తి చూసేచోట?

"తెర తియ్యండి" అంది.

"ఏటే నీకు పిచ్చా?" అంది కుసుమ.

"మగాళ్ళు కూడా చూడాలి" అని తనే ముందుకొచ్చి తాడు ముడి లాగింది. చీరలన్నీ ఒక్కసారిగా నేలమీద పడ్డాయి.

ఎండ తిన్నగా గోడమీద పడింది. అప్పటికి అరుగు మీద చాలామంది పోగయ్యారు. రాజగోపాల్ గారు కళ్ళజోడు తుడుచుకుని, "పని గొప్పగా ఉంది, కాదనను" అన్నారు. "కానీ ఈవిడ మన పైడితల్లి కాదు కదమ్మా. మన నగలా అవి? జనం ఏమంటారు?"

"ఏటంటారో మీ వెనకాలే అంటన్నారు, వినండి" అంది సింహాచలమ్మ. నిజంగానే కుసుమ అప్పటికే అరుగు దిగి తన మాట తను అంటోంది, ఇంకాస్త గట్టిగా. గురునాథరావు మొహం మాడిపోయింది.

సింహాచలమ్మ గొంతు పెంచింది. "అవును కుసుమా! మా నాయిన చూసే చేసేడు. చూడకుండా బొమ్మెవరు చేస్తారు? సున్నం మోసిన చేతులు ఎదురుగా ఉంటే ఆ చేతులే అమ్మకి పెట్టేడు. మరెవరి చేతులు పెడతాడు, నీవా?"

కుసుమ జనం వెనక్కి జరిగింది. సింహాచలమ్మ అరుగు వైపు తిరిగింది.

"ఈ అమ్మ మనతో రైలెక్కి వొచ్చింది. ఈ నేల మీద కూకుంది, ఈ నేల సొమ్ము పెట్టుకుంది. మనం ఇక్కడి బియ్యం తినటం లేదా? మన పిల్లలు నిద్దట్లో హిందీలో పలవరించటం లేదా? అమ్మ మారకూడదు, మనం మాత్రం మారొచ్చా?" ఆమె ఊపిరి తీసుకుంది. "మీ టైల్సు మంచివే బాబూ. స్నానాల గదికి పనికొస్తాయి. ఇంక చీరంటారా, ఏటేటా పెట్టండి. నేసిన చీర పెట్టండి. కడతాం, విప్పుతాం, ప్రసాదం పంచుతాం. రంగు మాత్రం పడదు. బలరాం భయ్యా, ఉలి తీస్కో. ఎవరు కొట్టమంటారో వాళ్ళు ముందుకొచ్చి, అమ్మ కళ్ళల్లోకి చూసి చెప్తారు."

బలరాం లేచి వచ్చాడు. ఉలి తేలేదు. గోడ వైపు తలెత్తి చూశాడు. ఆ కంటె, ఆ చేతులు తమ పల్లెల ఆడవాళ్ళవని గుర్తుపట్టినట్టున్నాడు. చెప్పులు విడిచి గడపకి నుదురు ఆనించాడు.

రాజగోపాల్ గారు భార్య వైపు చూశారు. ఛాయ మోచేతుల దాకా రంగు పెళ్ళలతో, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, గుమ్మం మధ్యలో నిలబడి ఉంది. పక్కకి జరిగే ఉద్దేశం ఆవిడకి ఏమీ కనబడలేదు. ఆయన నిట్టూర్చి, టైల్సు కంపెనీకి ఫోన్ చెయ్యాలంటూ జీపు వైపు నడిచారు.

నూకమ్మ కర్పూరం వెలిగించింది. సింహాచలమ్మ పళ్ళెం అందుకుని అమ్మకి తిప్పి, ముందుగా బిసాహిన్ బాయికి పట్టింది. ఆమె వెనక్కి జంకింది. సింహాచలమ్మ పళ్ళెం తియ్యలేదు. బిసాహిన్ కళ్ళకద్దుకునేదాకా అలాగే పట్టుకుని నిలబడింది. ఇద్దరు ముగ్గురు అరుగు దిగి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు వరసలోకి వచ్చారు.

ఆఖరున గురునాథరావు వచ్చాడు. మంటమీద చేతులు చాపి, పెళ్ళాం వైపు చూడకుండా, "రేపణ్ణించి మిల్లులో నన్నేటంటారో తెల్సా?" అన్నాడు.

"తెల్సు."

"మీ నాయిన గురించి అడుగుతారు. నేనేటి చెప్పమంటావు?"

"పోలయ్య అల్లుణ్ణని చెప్పండి."

అతను కళ్ళకద్దుకుని చాలాసేపు తలెత్తి గోడవైపే చూశాడు. "ఆ చేతిమీద చుక్కలు" అన్నాడు, "గచ్చు ఆరిపోకముందే గుచ్చాలి. చెయ్యి వొణికితే అంతా పోతాది." తరవాత వంగి, నేలమీద పడున్న చీరలు ఒక్కొక్కటే దులిపి మడతపెట్టడం మొదలుపెట్టాడు.